పూజకు పెట్టిన చీల

ఆగస్టు 29, 1954

మద్రాసు నుంచి లారీలో ఒక వస్తువు దిగింది. సంతకం పెట్టి తీసుకున్నవాణ్ణి నేనే, అదేమిటో తెలియనివాణ్ణీ నేనే. రెండు రబ్బరు చక్రాలు, వాటి మధ్య నా నడుమంత లావు గుండ్రటి చీపురు, దాని నెత్తిన పెట్రోలు ఇంజను, ముందువైపు పొడవాటి ఇనుప కాడి. ఆ కాడి చూసి మా షెడ్డు కాపలా దేవేంద్రప్ప, "ఎద్దుల్ని యాడ కట్టల్ల మేస్త్రప్పా?" అన్నాడు. ఎద్దులు కాదు, జీపు లాగుతుందన్నాను. "జీపు లాగేదానికి ఇంగ ఇంజను ఏంటికప్పా?" అన్నాడు. నిజమే, ఏంటికి? తెలిసినట్టు ముఖం పెట్టి, పోయి గేటు వెయ్యమన్నాను.

సాయంత్రం ఇంజనీరు గారు వచ్చి చెప్పారు. యుద్ధం నాడు విమానాలు దిగే మైదానాలు ఊడ్చిన మిషనట. పాత సామాన్ల వేలంలో దొరికిందట. ఇంజను చీపురును తిప్పుతుంది, జీపు మిషనును లాగుతుంది. కర్నూలు రాజధాని అయి ఏడాది కావస్తున్నది, పరేడు మైదానంలో ఇంత ఎర్రదుమ్ము ఉంటే పరువేం కావాలి అన్నారు. "దీని బాధ్యత నీదే శేషన్నా" అని నా భుజం తట్టారు. నాదే ఎందుకు? పత్తికొండ పక్క పల్లెలో ఎద్దులబండి తోలినవాణ్ణి. చదువుకున్న నాలుగు ముక్కలకు మేస్త్రీ పని ఇచ్చారు గానీ ఇంజను పని ఎవరు నేర్పారు?

సెప్టెంబరు 2

మద్రాసు మెకానిక్కు వచ్చాడు. సగం అరవం, సగం తెలుగు. పొద్దంతా చెప్పిందే చెప్పాడు. కాడిని జీపు కొక్కేనికి తగిలించేది ఈ ఇనుప చీల, ఇది లేకుండా అడుగు కదపొద్దు. ఒకవేళ చీల పోయినా మిషను పారిపోకుండా పట్టేది పక్కనున్న గొలుసు, అదీ విడవొద్దు. రోడ్డు మీద పోయేటప్పుడు ఇంజను ఆపి చీపురు పైకెత్తాలి. బెల్టు మీది రేకు మూత తీసి ఊడవొద్దు, ఆడవాళ్ళ పైటకొంగులు జాగ్రత్త. వేడి మీద పెట్రోలు పొయ్యొద్దు. వెనక మనిషి ఉండొద్దు.

బొజ్జన్న ఒకటే నవ్వు. "ఏం బావా, కొత్తకోడలికి గూడా ఇన్ని కట్టుబాట్లు ల్యావే!" వాడు నా భార్య తమ్ముడు. డ్రైవరు పని నేనే ఇప్పించాను. చెయ్యి మంచిది, నోరే మంచిది కాదు.

వెనక ఎందుకు ఉండకూడదని మెకానిక్కును అడిగాను. వింతగా చూశాడు. "ఉండకూడాదు" అన్నాడు మళ్ళీ. సరే, ఉండకూడదు.

సెప్టెంబరు 3

ఇంజను తాడు గుంజీ గుంజీ భుజం పడిపోయింది. స్టార్టు కాలేదు. మెకానిక్కు రైలెక్కి పోయాక తెలిసింది, పెట్రోలు కొళాయి తిప్పలేదని.

సెప్టెంబరు 11

ఈరోజు మైదానంలో ఊడ్చాం. ఊడ్చామా? దుమ్ము లేచి హంద్రి ఏరు దాకా పోయింది. బొజ్జన్న కనిపించలేదు, జీపు కనిపించలేదు, అరుపులే వినిపించాయి. దుమ్ము దిగి మళ్ళీ ఎక్కడిదక్కడ కూర్చుంది.

ఊడ్చే ఆడవాళ్ళందరికీ పెద్ద హంపమ్మ. మాకు పక్క ఊరే, మా చిన్నమ్మ వయసు. చీపురు చంకన పెట్టుకుని చూస్తూ నిలబడింది. తక్కినవాళ్ళు "నీకు సవితి వచ్చింది గదక్కా" అని ఎగతాళి. "రానీలే, మొగుడు యాడన్నా ఉంటే గదా సవితి బాధ" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. దుమ్ముకు నీళ్ళూ నవ్వుకు నీళ్ళూ కలిసి కారుతున్నాయి. నాకు నవ్వు రాలేదు. ఈ మిషను వచ్చాక వీళ్ళను ఏం చెయ్యాలో ఇంజనీరు గారు చెప్పలేదు.

ఇంటికి పోయి తలకు పోసుకుంటుంటే తోచింది. ముందర కొందరు నీళ్ళు చల్లుతూ పోతారు, మధ్యన మిషను, వెనక కొందరు గంపలతో చెత్త ఎత్తుతారు. ఎవరి పనీ పోదు. ఎంత బాగుంది! వెనక ఉండొద్దన్నాడు గదా అని అప్పుడు గుర్తొచ్చింది. వెనక అంటే మరీ అంత వెనక కాదులే అనుకున్నాను.

సెప్టెంబరు 19

నీళ్ళు చల్లించాక దుమ్ము అణిగింది. ఇంజనీరు గారు సంతోషించారు.

దేవేంద్రప్ప గేటుకు గొలుసు లేదని నెలనాళ్ళుగా గోల. అడిగితే పైనుంచి రాదు. మిషను గొలుసు ఊరికే వేలాడుతుంటే వాడు దాన్ని గేటుకు చుట్టుకున్నాడు. చూసి కేకలేశాను. "చీల బొటనేలంత లావుండాది గదప్పా, అది యా కాలానికి తెగల్ల? గేటు తెరుచుకుంటే మిషనే పోతాది" అన్నాడు. మిషను బయటికి పోయేనాడు గొలుసు విప్పి ఇవ్వమన్నాను. ఇస్తానన్నాడు.

అక్టోబరు 1

రాష్ట్రం పుట్టినరోజు. పెద్దలు వచ్చారు, పోయారు. ఒక్కరి ధోవతికీ దుమ్ము అంటలేదు. ఇంజనీరు గారు నన్ను పేరు పెట్టి పిలిచారు. గర్వంగా ఉంది, దాచుకోవడం ఎందుకు?

గొలుసు సంగతి ఈరోజు కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

అక్టోబరు 5

రేపు మహర్నవమి. మా ఊళ్ళో అయితే ఈపాటికి దున్నే మడక కడిగి, కాడి కడిగి, ఆయుధాలన్నీ పీట మీదికి చేరుతాయి. నవమినాడు వాటికి పూజ, ఆపూట వాటికి పని చెప్పరు. దశమినాడు ఉద్వాసన చెప్పాకనే మళ్ళీ చెయ్యి వెయ్యాలి.

మిషనుకూ పూజ చెయ్యాల్సిందే అన్నది మా ఇంటామె వెంకటేశ్వరమ్మ. "దాంతోనే గదా ఇప్పుడు మనం అన్నం తింటాండాం." అంత మిషను మా వాకిట్లో పట్టదు. "అయితే దాని ప్రాణం యాడుందో ఆ వస్తువు తీసుకరాపోండి" అన్నది. నేనూ బొజ్జన్నా మిషను చుట్టూ తిరిగాం. ఇంజను ఊడదు. బెల్టు ఊడదీస్తే మళ్ళీ వెయ్యడం రాదు. ఇది లేకుండా అడుగు కదపొద్దని మెకానిక్కు అన్నది చీల ఒక్కదాన్నే గదా, అదే ప్రాణం అన్నాను. బొజ్జన్న దాన్ని చింతపండుతో తోమి తెచ్చాడు. మా ఇంటామె పసుపు పూసి బొట్టు పెట్టింది. పీట మీద కత్తిపీట పక్కన పెట్టింది. ఎంత ముద్దుగా ఉందో.

అక్టోబరు 6

హంపమ్మ కాలు మీదికి మిషను ఎక్కింది. నేను అక్కడ లేను. ఇంట్లో పూజలో ఉన్నాను.

అక్టోబరు 7

వరసగా రాసుకుంటే అర్థమవుతుందేమో.

నిన్న పూజ అయి కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉంది. బొజ్జన్న పరుగున వచ్చాడు. కల్లూరు దగ్గర చదును చేసిన కొత్త స్థలంలో దశమి పొద్దున్నే ఎవరో పెద్దాయన శంకుస్థాపన చేస్తాడట, మిషను ఈ పూటే అక్కడికి పోవాలని ఇంజనీరు గారి కబురు. "చీల ఇయ్యక్కా" అన్నాడు. "పీట మీది వస్తువును ఉద్వాసన చెప్పకుండా తీస్తారేమిరా? అమ్మోరు కండ్లు మూసుకోనుంటాదా?" అని కసిరింది. వాడు నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు.

వాడు తుమ్మకొమ్మ నరికి చీల చెక్కి పెట్టుకున్నాడు. అందులో వింతేముంది? మా ఊరి బండ్లన్నిటికీ తుమ్మచీలలే. మా నాయన తోలినన్నాళ్ళూ ఒకటీ విరగలేదు. గేటు తీసినా గొలుసు దానికే వేలాడింది. విప్పి ఇవ్వాల్సిన దేవేంద్రప్ప నవమినాడు షెడ్డులో లేడు.

జీపు ముందు, ఆడవాళ్ళు వెనక గంపలతో. హంద్రి వంతెన దాటి కల్లూరు ఎత్తు ఎక్కేటప్పుడు జీపు ఆయాసపడింది. హంపమ్మ గంప పక్కనున్నామెకు ఇచ్చి మిషనుకు చెయ్యి వేసి నెట్టింది. మా వైపు ఎత్తు ఎక్కే బండి కనబడితే చెయ్యి వెయ్యకుండా పోయే మనిషి ఉండడు. ఎవరి బండి అని కూడా అడగరు. చీల పుటుక్కుమంది. జీపు ముందుకు పోయింది, మిషను వెనక్కి వచ్చింది.

అప్పుడు అర్థమైంది నాకు, వెనక ఎందుకు ఉండకూడదో.

అక్టోబరు 9

ఇంజనీరు గారు విచారణ చేశారు. మిలిటరీ ఇనుము కూడా ఇంతేనా అని ఆశ్చర్యపోయారు. ఇనుప చీలే తెగిందని ఆయన అనుకుంటున్నారు. తుమ్మచీల ముక్కలు బొజ్జన్న ఆరోజే హంద్రిలో పారేశాడు. కాడిలో ఏ చీల ఉందో ఆడవాళ్ళు ఆరోజు చూడలేదు. "అయినా ఆమె మిషను వెనక్కి ఎందుకు పోయింది? ఎవరు పొమ్మన్నారు?" అన్నారు. నేను గడ్డం గోక్కున్నాను.

నేనేమీ అనలేదని రాశాను గానీ, "ఏదో ఒకటి చూసుకోపోరా" అన్నానేమో. అన్నాను. ఏదో ఒకటి అంటే ఎన్నో ఉంటాయి. ఈ పూట రాలేమని ఇంజనీరుకు చెప్పడం కూడా ఏదో ఒకటే గదా.

అక్టోబరు 11

బొజ్జన్న రాజంపేటలో అత్తగారింటికి పోయాడు. నాతో చెప్పలేదు. వాళ్ళక్కతో చెప్పాడు.

అక్టోబరు 12

పెద్దాసుపత్రికి పోయాను. హంపమ్మకు మోకాలి కింద నల్లబడింది. వాసన. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, కాలు తీసెయ్యకపోతే మనిషే పోతుంది, రెండు మూడు రోజులకు మించి ఆగలేను అన్నాడు. ఆమె ఒప్పుకోవడం లేదట. మీరు మేస్త్రీ గదా, చెప్పండి అన్నాడు.

మంచం పక్కన హంపమ్మ కూతురు సిద్దమ్మ విసురుతోంది. హంపమ్మ ముఖం జ్వరంతో మెరుస్తోంది. నన్ను చూసి లేవబోయింది. ఆ స్థితిలో కూడా లేవబోయింది, నాకు చచ్చేంత సిగ్గు వేసింది.

"తప్పు నాదేలే మేస్త్రప్పా" అన్నది. "నవమినాడు పండుకున్న మిషనును లేపితిమి. ఆపొద్దు ఆయుధాన్ని ముట్టకూడదని నాకు దెలీదా? ముదనష్టపు చెయ్యి, అలవాటుకొద్దీ పడె. అమ్మోరికి కోపమొచ్చె."

కాలు తియ్యనివ్వు అన్నాను.

"తీసేస్తే ఎట్లా? మొక్కుకోనుండా గదా. జాతరలో ఈ కాలితోనే నిప్పులు తొక్కుతానని. కోపం దిగితే కాలు తిరుక్కుంటాది. అమ్మ పట్టుకున్నేదాన్ని కత్తితో కోస్తే ఇంగా కోపమొస్తాది. నువ్వు భయపడొద్దు పో."

నేను భయపడవద్దట!

డాక్టరుకు ఏం చెప్పను? ఏమో సార్ అని వచ్చేశాను.

అక్టోబరు 13

నిజంగా అమ్మవారేనేమో. ఎందుకు కాకూడదు? నవమినాడు కదిపాం, అది నిజం. ఆమె చెయ్యి వేసింది, అదీ నిజం. తుమ్మచీల ఎన్నడూ విరగనిది ఆనాడే ఎందుకు విరగాలి? అమ్మవారే అయితే నా తప్పు లేదు. అమ్మవారే అయితే హంపమ్మ చస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను, ఒకదాని మీద ఒకటి నిలవడం లేదు.

ఎద్దులబండికి తుమ్మచీల సరే. మిషను ఎద్దులబండికి ఎన్ని రెట్లు బరువు? లారీ నుంచి దింపడానికి ఎంతమంది పట్టారో చూసినవాణ్ణి గదా.

మా ఇంటామెతో అన్నాను, చీల సంగతి హంపమ్మకు చెబుతానని. పెనం మీద రొట్టె మాడిపోతున్నా తియ్యలేదు. "నా తమ్ముణ్ణి జైలుకు పంపుతావా? మీ ఇంట్లో పూజ చేసి ఒకామె కాలు తీసినారని ఊరంతా అనల్లనా? నేనేం పాపం చేస్తి? అందరి మాదిరే పూజ చేస్తి" అని ఏడ్చింది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాటా అబద్ధం లేదు.

"నువ్వు మటుకు ఏమంటివి ఆపొద్దు? గమ్మునుండ్లా?" అన్నది.

గమ్మున లేను. ఏదో ఒకటి చూసుకోపోరా అన్నాను. అంటూ చెయ్యి చాపి, ఇంత పొడుగుంటే సరిపోతుందని చూపించాను కూడా.

ఇప్పుడు రాసేశాను.

అక్టోబరు 14

పోలేదు. ఆసుపత్రి దారి పట్టి మధ్యలోనే మళ్ళాను. పరేడు మైదానం చుట్టూ తిరిగి వచ్చాను. చీపుర్లతో ఊడుస్తున్నారు.

అక్టోబరు 15

పోయాను.

డాక్టరు ఉన్నాడు, సిద్దమ్మ ఉంది, పక్క మంచాలవాళ్ళు ఉన్నారు. వాళ్ళను బయటికి పొమ్మని అడగాలనిపించింది. అడిగితే మళ్ళీ ధైర్యం పోతుందని అడగలేదు. హంపమ్మ కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి.

"అమ్మోరు కాదు హంపమ్మా" అన్నాను. "ఇనుప చీల మా ఇంట్లో పూజలో ఉండె. బొజ్జన్న తుమ్మచీల పెట్టె. నేనే పెట్టుకోమంటి. గొలుసు గేటుకుండె, అదీ నాకు దెలుసు. మిషను వెనక ఎవరూ ఉండకూడదని మెకానిక్కు చెప్పె, నేను మీకు చెప్పకపోతి. నువ్వు చెయ్యి వెయ్యడం తప్పు గాదు. అమ్మోరికి నీ మీద కోపమే లేదు. కాలు తియ్యనియ్యి తల్లీ, బతుకు."

రెండు చేతులూ జోడించాను. ఏడ్చాను కూడా. సిద్దమ్మ విసనకర్ర ఆపేసింది.

హంపమ్మ నా ముఖమే చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"కోపమే లేదా?" అన్నది.

లేదన్నాను.

"దేవునికీ లేదు. నీకూ లేదు. ఆ మిషనుకు అసలే లేదు." ఊపిరి కోసం ఆగింది. "ఎవురికీ నా మీద కోపం గూడా లేకుండానే పాయనా మేస్త్రప్పా, నా కాలు?"

జోడించిన చేతులు అప్పుడు దించాను.

"కొయ్యమను" అని గోడవైపు తిరిగింది.

అక్టోబరు 18

కాలు తీశారు. బతుకుతుందన్నాడు డాక్టరు.

ఇంజనీరు గారికి కూడా అంతా చెప్పాను. "ఇవన్నీ నువ్వు నాకు ముందే చెప్పలేదు, ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగారు. పనిలోకి రావద్దన్నారు. బొజ్జన్న కోసం రాజంపేటకు కబురు పోయింది. మా ఇంటామె అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు.

అక్టోబరు 23

రోజూ ఆసుపత్రికి పోతున్నాను. ఈరోజు సిద్దమ్మ వార్డు వాకిట్లోకి వచ్చి, "మాయమ్మకు జరం దిగింది. అన్నం తిన్యాది. నిన్ను మాత్రం లోపలికి రావద్దంటాంది" అన్నది.

నా మీద కోపమా అని అడిగాను.

"కోపం గాదంట" అన్నది సిద్దమ్మ.